ఊరి పేరుతో కంప్యూటింగ్ టీమ్: పాస్‌వర్డులు, మెషీన్లు, కరెంటు బిల్లు ఎవరు చూసుకోవాలి?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తర్వాత చదివేవాళ్ల కోసం అదేమిటో ముందు చెప్తాను. శ్రీకాకుళంలో మీ కాలేజీ విద్యార్థులు, ముగ్గురు లెక్చరర్లు, ఇద్దరు పాత విద్యార్థులు కలిసి పద్నాలుగు మంది ఒక టీమ్ కట్టారు. ల్యాబ్‌లో ఇరవై డెస్క్‌టాప్‌లు, ఇళ్లలో ఆరు లాప్‌టాప్‌లు, నరసన్నపేటలో ఒక అబ్బాయి ఇంట్లో గ్రాఫిక్స్ కార్డు ఉన్న పీసీ ఉన్నాయి. ఖాళీగా ఉన్న కంప్యూటర్లతో సైన్సు లెక్కలు చేయించే బోయింక్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి, ఆకాశంలో పల్సార్లు (క్రమం తప్పకుండా మిణుకుమనే నక్షత్రాలు) వెతికే ఐన్‌స్టైన్ ఎట్ హోమ్‌కి, జబ్బుల పరిశోధనకు సాయపడే వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్‌కి లెక్కలు చేసిపెడుతున్నారు. టీమ్ మొదలుపెట్టిన కుర్రాడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయాడు, పాస్‌వర్డులన్నీ అతని దగ్గరే ఉండిపోయాయి. నరసన్నపేట అబ్బాయి నాన్నగారు కరెంటు బిల్లు చూసి ఆపేయమన్నారు. ల్యాబ్‌లో సగం మెషీన్లు పని పంపడం మానేశాయి, కారణం తెలీదు. "అందరిదీ అన్నాక ఎవరు చూసుకోవాలండీ?" అని అడిగారు.

నేను 2006లో పాలకొండ రోడ్డులో నెట్ సెంటర్ నడిపేవాడిని. ఎనిమిది మెషీన్లు. రాత్రి షట్టర్ దించాక సెటీ ఎట్ హోమ్ నడిపేవాడిని. వేరే లోకాల్లో జీవుల జాడ వెతకడానికి, రేడియో టెలిస్కోపు పట్టిన సంకేతాలను చిన్న చిన్న ముక్కలు చేసి ప్రపంచమంతా ఇళ్లలో ఉన్న కంప్యూటర్లకు పంపడం, అవి లెక్క చేసి తిప్పి పంపడం, అంతే దాని పని. 1999 మేలో కాలిఫోర్నియాలో బర్కిలీ విశ్వవిద్యాలయం వాళ్లు మొదలుపెట్టారు. ఆ సాఫ్ట్‌వేరే తర్వాత బోయింక్‌గా మారి, మందులు, వాతావరణం, పల్సార్లు, ప్రోటీన్లు ఇలా ఎన్నో ప్రాజెక్టులకు పునాది అయింది. నాతో మొదలైన చిన్న టీమ్‌లో ఇప్పటికీ తొమ్మిది మంది ఉన్నారు. ఆమదాలవలస, టెక్కలి, పలాస, రాజాం, ఇలా చెదిరి ఉన్నాం. ఈ ఇరవై ఏళ్లలో మా టీమ్ మూడుసార్లు ఆగిపోయింది. మూడుసార్లూ కంప్యూటర్లు చాలక ఆగలేదు. ఒకసారి పాస్‌వర్డు వల్ల, ఒకసారి బిల్లు వల్ల, ఒకసారి అనుమతి అడగకపోవడం వల్ల. అందుకే మీకు కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ముందు బెంగళూరు కుర్రాడి సంగతి తేల్చుకుందాం. మీరు కొత్త టీమ్ పెట్టేయాలా అని అడిగారు. పెట్టకండి. బోయింక్ ప్రాజెక్టుల్లో ఒక సభ్యుడు టీమ్‌లో ఉన్నంతకాలం సంపాదించిన క్రెడిట్, అంటే చేసిన లెక్కలకు వచ్చే పాయింట్లు, టీమ్ ఖాతాలోనే ఉండిపోతుంది, సభ్యుడు వెళ్లినా పోదు. కొత్త టీమ్ పెడితే ఇన్నాళ్ల పని పాత పేరు మీద వదిలేసి సున్నా నుంచి మొదలుపెట్టాలి. పిల్లలకు అది చాలా బాధగా ఉంటుంది, నేను చూశాను. అతనికి ఫోన్ చేయండి. తప్పు పట్టే గొంతుతో మాట్లాడకండి, పాపం టీమ్ కట్టింది అతనే. ప్రాజెక్టు సైట్‌లో టీమ్ పేజీకి వెళ్లి ఫౌండర్ (టీమ్ స్థాపించినవాడు) హోదా ఇంకొకరికి మార్చమని అడగండి, రెండు నిమిషాల పని. అతను దొరక్కపోతే, టీమ్ సభ్యుల్లో ఎవరైనా అదే సైట్‌లో ఫౌండర్ బదిలీకి అభ్యర్థన పెట్టవచ్చు. ఫౌండర్‌కి మెయిల్ వెళ్తుంది. అరవై రోజుల్లో అతను స్పందించకపోతే అడిగినవాళ్లకు ఆ హోదా తీసుకునే వీలు వస్తుంది. ఇది ప్రతి ప్రాజెక్టులో విడివిడిగా చేయాలి, ఒకచోట చేస్తే అన్నిచోట్లా మారదు.

ఫౌండర్ హోదా వచ్చిన రోజే ఇంకో ఇద్దరిని టీమ్ అడ్మిన్లుగా పెట్టండి. ఒకరు లెక్చరర్, ఒకరు ఊళ్లోనే ఉండే పాత విద్యార్థి. చదువుకుంటున్న పిల్లలు నాలుగేళ్లలో వెళ్లిపోతారు కదా, వాళ్ల ఒక్కళ్ల మీదే ఆధారపడకూడదు.

ఇప్పుడు పాస్‌వర్డుల విషయం. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మీ గొడవల్లో ముప్పాతిక ఇక్కడే పుట్టాయి.

టీమ్ అంటే ఒకే ఖాతా అనుకుని అందరూ ఒకే మెయిల్, ఒకే పాస్‌వర్డు వాడుతున్నారని మీరు రాశారు. అది వద్దు. ఎవరి ఖాతా వాళ్లకుండాలి, ఖాతాలన్నీ ఒకే టీమ్‌లో చేరాలి. తన పేరు పక్కన తన క్రెడిట్ కనబడితేనే కుర్రాళ్లకు ఉత్సాహం. ఇక ఎవరిదీ కాని మెషీన్లు, అంటే మీ ల్యాబ్‌లో ఇరవై, వాటికి మాత్రం ఒక ఉమ్మడి ఖాతా పెట్టండి. ఆ ఖాతాకి ఒక కొత్త మెయిల్ తెరవండి, ఎవరి సొంత మెయిలూ వద్దు. ఆ మెయిల్‌కి రికవరీ ఫోన్ నంబరు కాలేజీలో స్థిరంగా ఉండేవాళ్లది ఇవ్వండి.

ల్యాబ్ మెషీన్లను ఆ ఖాతాకి కలపడానికి పాస్‌వర్డు పిల్లలకు చెప్పనక్కర్లేదు. మీ ఖాతా పేజీలో "అకౌంట్ కీస్" అని ఉంటుంది, నొక్కితే రెండు కీలు కనబడతాయి. మొదటిది పూర్తి కీ. అది చేతికొస్తే ఖాతాలోకి వెళ్లి ఏదైనా మార్చవచ్చు, కాబట్టి అది పాస్‌వర్డుతో సమానం. రెండోది వీక్ అకౌంట్ కీ. దాంతో ఒక కంప్యూటర్‌ని ఖాతాకి కలపడం తప్ప ఇంకేమీ చేయలేరు. ఖాతాలోకి లాగిన్ కాలేరు, మెయిల్ మార్చలేరు, టీమ్ మార్చలేరు. మెషీన్ పెట్టేవాళ్లకు ఈ రెండోది ఇవ్వండి చాలు. మామూలుగా మెయిల్, పాస్‌వర్డు కొట్టి కలిపితే పూర్తి కీ ఆ మెషీన్‌లో బోయింక్ డేటా ఫోల్డర్‌లో ఒక ఫైల్‌లో ఉండిపోతుంది. పదిమంది కూర్చునే ల్యాబ్‌లో అది అలా పడి ఉండటం మంచిది కాదు. ఇంకో సంగతి గుర్తుంచుకోండి: ఖాతా పాస్‌వర్డు మారిస్తే వీక్ కీ కూడా మారిపోతుంది. కీ ఎవరి దగ్గరికో పోయిందని అనుమానం వస్తే ఇదే మీ తాళం. అలాగని ఊరికే పాస్‌వర్డు మార్చకండి, మళ్లీ మెషీన్లన్నిటికీ కొత్త కీ ఇవ్వాల్సి వస్తుంది.

మా టీమ్ మొదటిసారి ఆగింది ఇలాంటి చోటే. ఉమ్మడి ఖాతా మెయిల్ పలాసలో ఉన్న మిత్రుడి ఫోన్‌లో ఉండేది, ఇంకెవరి దగ్గరా లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ ఇంటికి కరెంటు రావడానికి రెండు వారాలు పైనే పట్టింది, ఫోన్ నీళ్లలో పాడైంది. ఆ సమయంలో ఆయన్ని పాస్‌వర్డు అడగాలని మాకెవరికీ మనసు రాలేదు. అడగకూడదు కూడా. నెలన్నర మా మెషీన్లు ఖాళీగా ఉన్నాయి. అప్పటినుంచి మా దగ్గర ఒక పద్ధతి ఉంది: ఉమ్మడి ఖాతా వివరాలు ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అంటించి, రెండు వేర్వేరు ఊళ్లలో ఇద్దరి బీరువాల్లో పెడతాం. కవరు తెరిస్తే మిగతావాళ్లకు చెప్పి తెరవాలి. పాస్‌వర్డు మేనేజర్ యాప్ వాడతామంటే వాడండి, మంచిదే. కానీ కాగితం కూడా ఉంచండి.

ఇక కరెంటు. నరసన్నపేట నాన్నగారి కోపం న్యాయమైనదే. మా ఆమదాలవలస సభ్యుడి మామగారు ఒకసారి నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, "ఏటి బాబూ, రాత్రంతా అది గుయ్యిమని తిరుగుతంది, బిల్లెవులు కడతారు?" అని అడిగారు. నా దగ్గర లెక్క లేదు. సుమారుగా ఏదో చెప్పాను. పెద్దమనిషి నమ్మలేదు, ఆ మెషీన్ ఆ రోజే ఆగిపోయింది. అదే మా రెండో ఆగడం. లెక్క తీసుకెళ్లి ఉంటే ఆగేది కాదేమో.

మీరు లెక్కతో వెళ్లండి. ప్లగ్‌కి పెట్టే చిన్న ఎనర్జీ మీటర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, టీమ్‌కి ఒకటి కొనండి. దాన్ని ఇల్లిల్లూ తిప్పండి. మెషీన్ ఊరికే ఆన్‌లో ఉన్నప్పుడు ఎంత, బోయింక్ నడుస్తున్నప్పుడు ఎంత, రెండూ రాయండి. ఆ తేడా ఒక్కటే మనవల్ల అయ్యే ఖర్చు. ఉదాహరణకి గ్రాఫిక్స్ కార్డు పీసీ అదనంగా 150 వాట్లు తీసుకుంటోందని అనుకుందాం. రోజంతా నడిస్తే 3.6 యూనిట్లు, నెలకు 108. ఇప్పుడు స్లాబు దగ్గరే అందరూ పొరబడతారు. మా ఇంటి బిల్లులో 126 నుంచి 225 యూనిట్ల వరకు యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8.75, ఆ పైన 9.75. ఆ ఇల్లు మామూలుగా 200 యూనిట్లు కాలుస్తుంటే, మన 108లో మొదటి 25 యూనిట్లు 6 రూపాయల చొప్పున 150, మిగతా 83 యూనిట్లు 8.75 చొప్పున 726. మొత్తం 876 రూపాయలు. దాని మీద సుంకం, సర్దుబాటు చార్జీలు వేరే. మన యూనిట్లు ఎప్పుడూ ఆ ఇంటి బిల్లులో చివరి స్లాబులో పడతాయి, అందుకే "సగటున యూనిట్ నాలుగు రూపాయలు కదా" అని లెక్కేస్తే ఇంటాయన చేతిలో ఉన్న బిల్లుతో సరిపోదు. ఒక మధ్యతరగతి ఇంట్లో నెలకి తొమ్మిది వందలు చిన్న మాట కాదు. ఆయన అడగకముందే మనం చెప్పి ఉండాల్సింది.

అక్కడ మీరు చేయగలిగినవి ఉన్నాయి. కార్డు పవర్ లిమిట్‌ని, అంటే అది తీసుకోగల కరెంటు హద్దుని, 70 శాతానికి దించండి. కరెంటు తగ్గినంతగా పని తగ్గదు, వేడి కూడా తగ్గుతుంది. రోజంతా బదులు ఆరు గంటలు పెట్టుకోండి, బోయింక్‌లో ఏ వేళ నుంచి ఏ వేళ దాకా నడవాలో పెట్టే వీలుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పూర్తిగా ఆపేయండి. ఆ మూడు నెలలు ఇళ్లలో ఏసీలు, కూలర్లు తిరుగుతాయి, స్లాబు ఎలాగూ పైకెళ్తుంది, గది వేడి వల్ల మెషీన్ కూడా పాడవుతుంది. చలికాలంలో నడుపుకోవచ్చు. నాన్నగారి దగ్గరికి మీరే స్వయంగా వెళ్లి, నెలకి ఇంత అవుతుంది, ఇంతకు మించదు, మించితే ఆపేస్తాం అని కాగితం మీద చూపించండి. లెక్చరర్ గారు ఇంటికొచ్చి చెప్పారంటే ఆ మాటకి విలువ వేరు. అప్పుడు కూడా వద్దంటే వద్దు. ఆ అబ్బాయిని మళ్లీ అడిగి ఇబ్బంది పెట్టకండి. మామూలు లాప్‌టాప్‌తో చేరినా అతను టీమ్ మనిషే.

టీమ్ డబ్బులు వసూలు చేసి ఆ బిల్లు కట్టాలా అని అడిగారు. కట్టవచ్చు, మీటర్ మీద తేలినంత మాత్రమే కట్టండి. అంతకు మించి నెలనెలా చందాలు, ఉమ్మడిగా మెషీన్లు కొనడం నాకు నచ్చదు. రాజాంలో మావాళ్లు నలుగురు కలిసి సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు కొన్నారు. ఏడాదికి ఒకరికి పెళ్లి కుదిరి, హైదరాబాద్ వెళ్తూ తన వాటా అడిగాడు. కార్డు ధర అప్పటికి సగం అయింది. మాట పెరిగింది. వాళ్లు ఇప్పటికీ ఒకరి ఫంక్షన్‌కి ఒకరు వెళ్లరు. ఎవరైనా కొనదలిస్తే ఒక్కరే కొనాలి, వస్తువు వాళ్లదే, టీమ్‌కి వాడుకోవడానికి ఇచ్చారు, అంతే.

ల్యాబ్ సంగతికి వద్దాం. మొదట అడగాల్సింది: ప్రిన్సిపాల్ గారి సంతకం ఉందా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. లేకపోతే ఈ రోజే ల్యాబ్ మెషీన్లన్నిటిలో ఆపేయండి, సంతకం వచ్చాకే మొదలుపెట్టండి. బోయింక్ ప్రాజెక్టుల నియమాల్లో మొదటిదే ఇది: మీ సొంత కంప్యూటర్‌లో, లేదా యజమాని అనుమతించిన కంప్యూటర్‌లో మాత్రమే నడపాలి. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో ఒక కాలేజీ కంప్యూటర్లు చూసే ఉద్యోగి ఇలాంటి సాఫ్ట్‌వేర్‌నే అనుమతి లేకుండా పెట్టాడని క్రిమినల్ కేసు నడిచింది. చివరికి 2002లో జైలు లేకుండా, ప్రొబేషన్‌తో బయటపడ్డాడు. మనిషి ఉద్దేశం మంచిదే అయినా అంత దూరం వెళ్లింది. మా మూడో ఆగడం కూడా ఇదే. ఒక కాలేజీలో ల్యాబ్ ఇన్‌చార్జి నోటి మాట మీద పెట్టాం, ఆయన బదిలీ అయ్యారు, కొత్తాయన వైరస్ అనుకుని అన్నీ ఫార్మాట్ కొట్టించారు. ఆయన తప్పు లేదు, ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఉత్తరం ఒక పేజీ చాలు. ఏ సాఫ్ట్‌వేర్, ఏ ప్రాజెక్టులు, ఎన్ని మెషీన్లు, ఏ వేళల్లో, ఎవరు చూసుకుంటారు, పరీక్షల రోజుల్లో ఆపేస్తాం, మీరు చెప్పిన వెంటనే తీసేస్తాం, ఇవి తెలుగులోనో ఇంగ్లీషులోనో తేలికగా రాయండి. రెండు కాపీలు, ఒకటి ఆఫీసు ఫైల్లో, ఒకటి ల్యాబ్ గోడ మీద. గోడ మీద ఉంటే కొత్తగా వచ్చినవాళ్లు ఎవరైనా చదువుతారు.

సగం మెషీన్లు ఎందుకు ఆగాయో ఇక్కడ కూర్చుని కచ్చితంగా చెప్పలేను గానీ, మన కాలేజీ ల్యాబుల్లో నేను చూసినవి ఇవే. సాయంత్రం ఐదుకి అటెండరు మెయిన్ స్విచ్ ఆపేసి తాళం వేస్తారు, మీరేమో రాత్రి వేళ నడవాలని పెట్టి ఉంటారు. అప్పుడు అది ఒక్క నిమిషం కూడా నడవదు. రాత్రి మెయిన్ ఆన్‌లో ఉంచమని అడగకండి. మనిషి లేని గదిలో పాత వైరింగ్ మీద ఇరవై మెషీన్లు రాత్రంతా నడవడం నాకు ఇష్టం లేదు. పగలే, సగం కోర్లతో నడపండి, పిల్లలు ప్రాక్టికల్స్ చేసుకుంటున్నా అడ్డు రాదు. ఇంకో కారణం, మెషీన్ రీస్టార్ట్ కాగానే మొత్తం పాత స్థితికి తెచ్చే సాఫ్ట్‌వేర్ చాలా ల్యాబుల్లో పెడతారు. అది ఉంటే దించుకున్న పని ప్రతి ఉదయం తుడిచిపెట్టుకుపోతుంది. ల్యాబ్ టెక్నీషియన్‌ని అడిగి బోయింక్ డేటా ఫోల్డర్‌ని దాని పరిధిలోంచి తప్పించాలి, కుదరకపోతే ఆ మెషీన్లను వదిలేయాలి. మూడోది ఎవరూ ఊహించరు: పాత మదర్‌బోర్డులో బటన్ సెల్ అయిపోతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ వెనక్కి, ఎన్నో ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. తేదీ తప్పితే సర్వర్‌తో సురక్షిత కనెక్షన్ కుదరదు, మెషీన్ మాత్రం బాగానే ఉన్నట్టు కనబడుతుంది. సెల్ మార్చితే సరిపోతుంది. ఒక మెషీన్‌లో అన్నీ పెట్టి, దాన్ని మిగతావాటికి క్లోన్ చేసి, అంటే డిస్కు మొత్తం నకలు తీసి పెట్టి ఉంటే అది కూడా చూడండి. అలా చేస్తే ఇరవై మెషీన్లూ ఒకే మెషీన్ అని సర్వర్‌కి చెప్పుకుంటాయి. క్లోన్ చేసేదాకా బోయింక్‌ని ఏ ప్రాజెక్టుకీ కలపకూడదు.

సెట్టింగులు ఒక్కో మెషీన్‌లో కూర్చుని పెట్టకండి. ఖాతా పేజీలో హోమ్, స్కూల్, వర్క్ అని విడివిడి సెట్టింగులు పెట్టుకోవచ్చు. ల్యాబ్‌వన్నీ స్కూల్‌లో పెట్టి అక్కడ ఒకసారి మారిస్తే చాలు. కానీ ఎవరైనా మెషీన్ దగ్గర కూర్చుని బోయింక్ కిటికీలోనే సెట్టింగు మార్చారంటే, ఆ మెషీన్ ఇక సైట్‌లో పెట్టినదాన్ని పట్టించుకోదు. "సైట్‌లో మార్చాను, పనిచేయడం లేదు" అంటే ముందు అది చూడండి. సీపీయూ తగ్గించేటప్పుడు "ఇంత శాతం సీపీయూ టైమ్" అన్నది ముట్టుకోకుండా "ఇంత శాతం సీపీయూలు" అన్నది తగ్గించండి. మొదటిది పనిని ఆపి ఆపి నడుపుతుంది, ఫ్యాన్ కాసేపు అరిచి కాసేపు తగ్గుతుంది, ల్యాబ్‌లో అందరికీ చిరాకు. దూరం నుంచి చూసుకునే వీలు కూడా ఉంది, 31416 పోర్టు మీద. ల్యాబ్ లోపలి నెట్‌వర్క్‌లో మాత్రమే వాడండి, రౌటర్‌లో దాన్ని బయటికి తెరవకండి.

ఎక్కువ పని దించుకుని దాచుకోవడం గురించి మీ పిల్లల్లో ఒకరు అడిగారట. అది వద్దని గట్టిగా చెప్పండి. ఐన్‌స్టైన్ ఎట్ హోమ్‌లో ఒకే ముక్కను ఇద్దరికి పంపి, జవాబులు కలిస్తేనే ఒప్పుకుంటారు. 2010లో ఆ ప్రాజెక్టు అరెసిబో టెలిస్కోపు డేటాలో కొత్త పల్సార్‌ని కనిపెట్టినప్పుడు, దాన్ని పట్టుకున్నవి అమెరికాలో అయోవాలో ఒక ఇంటి కంప్యూటర్, జర్మనీలో మైంజ్‌లో ఇంకొకరి కంప్యూటర్. ఒకరినొకరు ఎప్పుడూ చూడనివాళ్లు. మన మెషీన్ పది రోజుల పని దించుకుని పడుకుంటే, ఎక్కడో ఒకరు చేసిన పని మన కోసం ఆగిపోతుంది. ప్రోటీన్ల లెక్కలు చేసే రోజెట్టా ఎట్ హోమ్‌లో గడువు మూడు రోజులే. మన దగ్గర కరెంటు కోతలు, నెట్ పోవడం ఉన్నాయి కాబట్టి పూట నుంచి ఒక రోజుకి సరిపడా నిల్వ చాలు.

ఏ ప్రాజెక్టు అన్నదాని మీద టీమ్‌లో ఓటింగ్ పెట్టారని రాశారు. సొంత మెషీన్ విషయంలో ఓటింగ్ ఎందుకమ్మా? ఎవరి కరెంటు వాళ్లది, ఎవరికి నచ్చింది వాళ్లు చేస్తారు. ఉమ్మడి మెషీన్లకు మాత్రం టీమ్ నిర్ణయించాలి. అక్కడ కూడా ఒక్కదాన్నే నమ్ముకోకండి. సెటీ ఎట్ హోమ్ 2020 మార్చి 31న పని పంపడం ఆపేసింది. అప్పటికి లాక్‌డౌన్ మొదలై వారం. మావాళ్లలో ఇద్దరు అక్కడితో మానేశారు, ఎన్నో ఏళ్ల అలవాటు తెగిపోయినట్టు అనిపించింది వాళ్లకి. వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ 2004లో ఐబీఎం మొదలుపెట్టింది, 2021లో టొరంటోలోని క్రెంబిల్ పరిశోధన సంస్థకు ఇచ్చేసింది. ఆ మార్పులో నెలల తరబడి పని రాలేదు. అందుకే ఇంకో ప్రాజెక్టుని కూడా కలిపి, దాని రిసోర్స్ షేర్‌ని (మెషీన్ సమయంలో ఆ ప్రాజెక్టు వాటాని) సున్నా పెట్టండి. సున్నా అంటే ఆగిపోయినట్టు కాదు. మొదటి ప్రాజెక్టులో పని దొరకనప్పుడు మాత్రమే దీని దగ్గర తెచ్చుకుంటుంది.

ఇంటింటికీ వెళ్లి సభ్యుల్ని చేర్చేటప్పుడు ఒక మాట జాగ్రత్త. ఉద్దానం వైపు వెళ్తే కచ్చితంగా అడుగుతారు, దీనివల్ల కిడ్నీ జబ్బుకి మందు వస్తుందా అని. కవిటిలో ఒకావిడ నన్ను అడిగింది. భర్త డయాలసిస్‌లో ఉన్నాడు, కొడుకు లాప్‌టాప్ ఇస్తానంటున్నాడు. ఆ జబ్బుకి కారణమే ఇంకా తేలలేదు. మనం చేసే లెక్కలు దానివి కావు. వస్తుందని చెప్పి లాప్‌టాప్ తీసుకోకూడదు. ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పాను. కొడుకు అయినా చేరాడు, క్యాన్సర్ లెక్కలు చేస్తున్నాడు.

ఫోన్ మాత్రమే ఉన్న అమ్మాయి ఎలా చేరాలి అన్నారు. ఆండ్రాయిడ్‌లో బోయింక్ ఉంది. మామూలుగా చార్జింగ్‌లో ఉండి, బ్యాటరీ 90 శాతం దాటి, వైఫై ఉన్నప్పుడే నడుస్తుంది. పాత ఫోన్ అయితే, బ్యాటరీ ఉబ్బినట్టుంటే అసలు వద్దు. దానికి బదులు ఆ అమ్మాయికి రిజిస్టరు అప్పగించండి. టీమ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన పని అదే, ఎవరూ చేయనిదీ అదే. ఒక నోటు పుస్తకమో, అందరూ చూడగల షీటో. ఏ మెషీన్ ఎక్కడుంది, ఎవరిది, ఎవరి ఖాతాకి కలిపి ఉంది, ఇంట్లో ఎవరు ఒప్పుకున్నారు, మీటర్ మీద ఎన్ని వాట్లు తేలింది, ఆఖరిసారి ఎప్పుడు దుమ్ము దులిపారు. పాస్‌వర్డులు మాత్రం అందులో రాయకూడదు, కవరు ఎవరి దగ్గరుందో రాయాలి. నెలకోసారి ప్రతి వరసా ఫోన్ చేసి సరిచూడాలి. మా రిజిస్టరు టెక్కలిలో ఒక కుట్టు మిషను ఆమె చూస్తుంది. ఆమెకి కంప్యూటర్ లేదు, కానీ ఆమె ఫోన్ చేస్తే ఎవరూ తప్పించుకోరు.

దుమ్ము అన్నాను కాబట్టి, మన సముద్రపు గాలికి ఎస్‌ఎమ్‌పీఎస్ (మెషీన్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) లోపల తుప్పు, పైన దుమ్ము రెండూ పడతాయి. ఫ్యాన్లు మూడు నెలలకోసారి బ్రష్‌తో శుభ్రం చేయాలి. బల్లులు దూరకుండా వెనక ఖాళీ స్లాట్లకి మూత పెట్టించండి.

చివరగా, అక్టోబరు, నవంబరు నెలల గురించి. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు ఉదయమే అన్ని మెషీన్లలో "నో న్యూ టాస్క్స్" నొక్కించండి. ఉన్న పని సాయంత్రానికి అయినంత అవనివ్వండి, అయినవి సర్వర్‌కి పంపేయండి, కానివి రద్దు చేయండి. అలా రద్దు చేస్తే ఆ పని ఇంకొకరికి వెంటనే వెళ్తుంది, గడువు దాకా ఎవరూ కాచుకోనక్కర్లేదు. తర్వాత షట్‌డౌన్ చేసి, స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకేయాలి, నెట్ కేబుల్ కూడా. కింద ఉన్న సీపీయూ డబ్బాలు బల్ల మీదికి ఎక్కించాలి. గాలివాన పోయాక రిజిస్టరు అమ్మాయి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తుంది కదా, ఇల్లు ఎలా ఉంది, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడగమనండి. మెషీన్ సంగతి వాళ్లే చెప్తే వినాలి. కరెంటు వచ్చి నాలుగు రోజులు నిలకడగా ఉన్నాకే మళ్లీ ఆన్ చేయించండి.